యాడి నడక

ఎర్రవాగు తండా,
జూలై 9.

చెల్లె హేమలతకు సోని అక్క రాసేది.

ఫోన్ చేయలేదని తిట్టుకోకు. గాలివానకి టవర్ పోయి పదిహేను రోజులైంది, వచ్చి చూసిన నాథుడు లేడు. పోస్టు సంచీ ఒక్కటే ఆగకుండా తిరుగుతోంది. అందుకే ఇన్నేళ్లకి నీకు ఉత్తరం. నా రాత చూసి నవ్వావో, ఊరుకోను. సబ్‌సెంటర్ రిజిస్టర్లు రాసీ రాసీ చెయ్యి ఇట్లా అయింది.

సంగతి ఏందంటే, పోయినేడు నువ్వు గీసిన పాముకాటు బొమ్మల సినిమాని ఇప్పుడు కోయ మాటలతో మళ్లీ తీశారు కదా. భద్రాచలం మీటింగ్‌కి పోయినప్పుడు మీ స్టూడియో చేత ఆ సినిమాలు చేయించే సంస్థవాళ్లు నా ఫోన్‌లో ఎక్కించారు. దాంతో పాటు నాటువైద్యం వద్దని చెప్పే కొత్త సినిమా కూడా ఇచ్చారు. నేను ముందుగా చూసుకోలేదు. పోయిన శుక్రవారం సబ్‌సెంటర్ గోడ మీద వేశాను. మన తండావాళ్లు, పక్క గూడెంవాళ్లు కలిసి నలభై మందికి పైనే వచ్చారు.

పోయినేడు ఇదే గోడ మీద ఏం జరిగిందో నీకు చెప్పాను కదా. పాము కరిచిన పిల్లని భుజాన వేసుకుని ముసలమ్మ వాగు దాటుతుంటే, చెంపల మీద వేలాడే ఆ వెండి గజ్జెలు, చేతుల మీద పచ్చబొట్లు, ఎడమకాలు ఈడ్చే ఆ నడక చూసి, "గిది మన ద్వాలి యాడే గదా" అని అందరూ ఒక్కసారే అన్నారు. మన నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. ఇంటా బయటా అందరికీ యాడే, అమ్మే. ఆ రోజు నుంచి ఆమె పేరు 'సినిమా యాడి' అయింది.

ఈసారి అదే వాగు, అదే పిల్ల. ఎత్తుకుపోయేది మాత్రం ఎర్రకళ్లు, విరబోసిన జుట్టు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు ఉన్న ముసలిది. నడక యాడిదే. గజ్జెలు యాడివే. నోటితో "దవాఖానకి పోదాం" అనే అంటోంది, కానీ ఆ మొహం చూశాక మాట ఎవరికి వినపడుతుంది? దాని వెనకే రెండో సినిమా. పసరు పోసి పసిపిల్లల ప్రాణాలు తీసే మంత్రగత్తె. అదే మొహం, అదే నడక. చిన్నపిల్లలు జడుసుకుని ఏడ్చారు.

ఎవరు చేశారే ఈ పని? యాడి ఆ రోజు ఒళ్లు నొప్పులని రాలేదు, బతికిపోయాం. జల్దీ సరిచేయించు.

నీ అక్క,
సోని

ఖమ్మం,
జూలై 15.

సోని అక్కకి,

నీ ఉత్తరం చదివాను. వెంటనే ఆ రెండు సినిమాలూ తీసి చూశాను. నువ్వు రాసింది నిజమే.

అసలు ఏం జరిగిందో చెప్తాను. మా పనిలో సింబల్ అని ఒకటి ఉంటుంది. ఒక బొమ్మని ఒక్కసారి కష్టపడి గీసి, లైబ్రరీ అనే పెట్టెలో పెట్టుకుంటాం. ఆ తర్వాత ఏ సినిమాలో ఎన్నిసార్లు కావాలన్నా అందులోంచి లాక్కోవడమే, మళ్లీ గీసే పని లేదు. తెర మీద కనపడేవన్నీ దాని నీడలనుకో. మనిషి తలపాగా చుట్టుకుంటే నీడకీ తలపాగా వచ్చినట్టు, పెట్టెలో ఉన్న అసలు బొమ్మని ఎక్కడ దిద్దినా, దాన్ని వాడిన అన్ని సినిమాల్లోనూ మారిపోతుంది. మా పని సగం దీనివల్లే తేలిక.

యాడి బొమ్మలో మొహం ఒక సింబల్, చేతులు ఒకటి, నడక ఒకటి. ఆ నడక గీయడానికే నాకు పదకొండు రోజులు పట్టింది. ఎడమ పాదం నేలకి రాసుకుంటూ వచ్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కుడికాలు లేవాలి. ఆ ఆగడం కుదరక ఎన్నిసార్లు చెరిపానో.

కొత్త సినిమాకి మంత్రగత్తె కావాల్సి వచ్చింది. యాడి బొమ్మకి ముందు నకలు తీసుకుని, ఆ నకలుని దిద్దుకోవాలి. మా స్టూడియోలో నాని అన్న అని ఉన్నాడు, కల్లూరు ఆయన. తొందరలో నకలు తీయకుండా అసలు బొమ్మనే దిద్దేశాడు. కోయ మాటల సినిమాని చివరికి ఫైలుగా బయటికి తీసింది కూడా ఆయనే, చూసుకోకుండా పంపేశాడు. నేను ఆ నాలుగు రోజులు జ్వరంతో సెలవులో ఉన్నాను.

ఈ రోజే అంతా సరిచేశాను. సంస్థవాళ్లకి కొత్తవి పంపాను. యాడికి ఈ సంగతి తెలియనీయకు. ఒళ్లు నొప్పులు తగ్గాయా?

హేమ

ఎర్రవాగు తండా,
ఆగస్టు 2.

హేమా,

నువ్వు సరిచేసిన సినిమాలు వచ్చాయి. గోడ మీద వేశాను. చూడటానికి పదకొండు మంది వచ్చారు.

మీ పెట్టెలో ఒకటి దిద్దితే అన్నీ మారిపోతాయని రాశావు. ఇక్కడ ఒక్కటీ మారలేదు. ఆ శుక్రవారం నాడే కుర్రాళ్లు నా ఫోన్‌లోంచి వాళ్ల ఫోన్‌లలోకి ఎక్కించుకున్నారు. టవర్ లేకపోయినా అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. తీసేయండర్రా అంటే "తీసినం అక్కా" అంటారు. మర్నాడు ఇంకొకడి చేతిలో అదే ఆడుతుంటుంది.

ఇన్ని రోజులు నీకు రాయలేదు కానీ ఇక దాచి లాభం లేదు. గూడెంలో జంపయ్య మనవరాలు పుట్టి నెల దాటిందంతే. యాడి రోజూ పోయి నూనె రాసి నీళ్లు పోసి వచ్చేది. ఇక్కడ ఏ పసిబిడ్డకైనా మొదటి మూడు నెలలు స్నానం పోసేది యాడే అని నీకు నేను చెప్పాలా? నిన్నూ నన్నూ ఆ కాళ్ల మీదే పడుకోబెట్టి పోసింది. పోయిన సోమవారం ఆ బిడ్డకి జ్వరం తగిలింది. యాడి నూనె గిన్నెతో గుమ్మంలోకి పోయేసరికి ఆ తల్లి బిడ్డని ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. జంపయ్య బయటికొచ్చి, మర్యాదగానే అన్నాడట: "నువ్వు రాకు యాడీ. మాకేం తెల్వది. సర్కారోళ్లే సినిమాల చూపెట్టిన్రు."

బిడ్డకి నేనే మందిచ్చాను, తగ్గింది. తగ్గితే నా మందు వల్ల, జ్వరం వస్తే యాడి వల్ల. ఇప్పుడు తండాలో కూడా ఇద్దరు బాలింతలు పిలవడం మానేశారు. మంత్రగత్తె అనే మాట ఒక మనిషికి అంటుకుంటే ఎందాకా పోతుందో ఈ అడవి అంచున పుట్టినదానివి, నీకు తెలుసు. నాకు భయంగా ఉంది.

ఒళ్లు మండి ఆ సంస్థకి పెద్ద ఉత్తరం రాశాను. మీ నాని పేరు రాసి, అతని నిర్లక్ష్యం వల్ల ఒక ముసలి మనిషి బతుకు బజారున పడిందని రాశాను. అతనిక్కడికి వచ్చి పదిమందిలో తప్పయిందని చెప్పాలి. రాకపోతే నేనే ఖమ్మం వస్తా.

సోని

ఖమ్మం,
ఆగస్టు 8.

అక్కా,

నీ ఉత్తరం సంస్థకి అందింది. వాళ్లు మా స్టూడియో యజమాని వెంకటరామారావు సార్‌ని అడిగారు. సార్ నాని అన్నని పని మానిపించారు. అక్కడికి వచ్చి చెప్పడానికి అతను ఇప్పుడు స్టూడియోలో లేడు.

యాడికి కాలునొప్పికి రాసుకునే తైలం పార్సిల్ పంపుతున్నాను. మెత్తటి దుప్పటి కూడా. పని ఎక్కువగా ఉంది, మళ్లీ రాస్తాను.

హేమ

ఖమ్మం,
ఆగస్టు 9.

అక్కా,

నిన్న రాసిన ఉత్తరం నీకు ఇంకా చేరి ఉండదు. దాన్ని చదివినా చదవనట్టే అనుకో. ఇది చదువు.

నాకు జ్వరం రాలేదు. నేను సెలవు పెట్టలేదు. యాడి బొమ్మని దిద్దింది నేను.

సార్ రెండు రోజులు టైమిచ్చారు. కొత్త ముసలిదాన్ని మొదటి నుంచి గీయాలంటే రెండు వారాలు. పెట్టెలో యాడి ఉంది, తయారుగా. దాని మీద రెండుసార్లు నొక్కి తెరిచాను. కళ్లు ఎర్రగా చేశాను, జుట్టు విప్పాను, పళ్లు పెట్టాను. ముందు నకలు తీసుకోవాలి, అది ఈ పనిలో చేరినవాళ్లకి మొదటి రోజు నేర్పే సంగతి. తర్వాత తీద్దాం, తర్వాత తీద్దాం అనుకుంటూ మర్చిపోయాను. అదొక్కటే అయితే పొరపాటు అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని.

నడక మార్చలేదు చూడు, అది పొరపాటు కాదు. తెర మీద ఆ ముసలిది కాలీడ్చుకుంటూ వస్తుంటే సార్ వెనక నిలబడి చూసి, "ఈ నడక మాత్రం ఉంచమ్మా, భలే భయంగా ఉంది" అన్నారు. నేను, "అవును సార్" అన్నాను.

ఆ కాలు ఎందుకు అట్లా అయిందో నాకు తెలియదా అక్కా? నాకు ఆరేళ్లప్పుడు పత్తిచేలో పాము కరిస్తే యాడి నన్ను భుజాన వేసుకుని పొంగే వాగులో దిగింది. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుని మడమ దగ్గర విరిగింది. అట్లాగే కుంటుకుంటూ దవాఖాన దాకా మోసింది. నన్ను లోపలికి తీసుకున్నాక కూడా తన కాలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను కళ్లు తెరిచేదాకా చెప్పలేదు. అప్పటికి కట్టు కట్టినా ఎముక వంకరగానే అతుక్కుంది. మొదటి సినిమా కథ అదే కదా, నా కథే కదా. ఆ నడకనే తీసుకెళ్లి పిల్లల్ని చంపేదానికి తగిలించాను.

నాని అన్న చేసింది ఒక్కటే, బయటికి తీసిన సినిమాని ఒకసారి వేసి చూసుకోలేదు. సంస్థవాళ్లు అడిగిన రోజు సార్ మమ్మల్నిద్దరినీ పిలిచారు. "చూసుకోవాల్సింది నేనే సార్" అని నాని అన్న తప్పు తన మీద వేసుకున్నాడు. బొమ్మ దిద్దింది ఎవరని సార్ అడగలేదు. నేను చెప్పలేదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. బ్యాగు సర్దుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి, "హేమా, లైబ్రరీకి ఒక కాపీ పెట్టుకో, మళ్లా ఎవరి మెడకన్నా చుట్టుకుంటది" అని చెప్పి పోయాడు. ఆయనకి తెలుసనుకుంటాను.

నన్ను ఏమన్నా అను.

హేమ

ఎర్రవాగు తండా,
ఆగస్టు 17.

హేమలతకు,

చదివాను. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. అప్పుడే రాస్తే తిట్లే వచ్చేవి.

నీ మాట నమ్మి ఒక పరాయి మనిషి పేరు కాగితం మీద రాశాను. నా చేత ఆ పాపం చేయించావు. సంస్థకి మళ్లీ ఉత్తరం రాయడం నాకు చేతకాదు. నువ్వే చెప్పుకో.

నిన్ను పూర్తిగా తిట్టడానికి కూడా నాకు మొహం లేదు, అందుకే ఈ కోపం. నేను నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. యాడి ఆ రోజు వచ్చింది. అందరికన్నా వెనక, గోడకి ఆనుకుని కూర్చుంది. సినిమా మొదలైన నిమిషానికే నాకు తెలిసిపోయింది ఏదో తేడా వచ్చిందని. చేతిలోనే ఉంది మీట, ఆపేయొచ్చు. కానీ ఆ వారం కార్యక్రమం జరిగినట్టు జనం నిండుగా కూర్చున్న ఫొటో పైకి పంపాలి. ఆపితే లేచి పోతారు. ఫొటో సరిగా వచ్చేదాకా, రెండో సినిమా అయ్యేదాకా నడిపించాను. ఫొటో బాగా వచ్చింది. టవర్ ఉన్న చోటికి పోయి పంపితే, మెచ్చుకుంటూ మెసేజ్ కూడా వచ్చింది.

అందరూ పోయాక యాడి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది, "గా నడక నాదే గదా బిడ్డా?" అని. నేను కాదన్నాను. కాదంటే నమ్మే మనిషా?

అప్పటి నుంచి ఎవరైనా ఎదురొస్తుంటే నడవడం ఆపేస్తోంది. ఎక్కడున్నదక్కడ కూర్చుని, చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు నటిస్తుంది. వాళ్లు దాటిపోయాక లేస్తుంది. బోరింగు దగ్గరికి పోవడానికి ఒకప్పుడు పది నిమిషాలు, ఇప్పుడు అరగంట. నువ్వు పంపిన తైలం రాసుకోనంది. దుప్పటి మడత విప్పలేదు.

తైలాలు, దుప్పట్లు పంపకు. నువ్వు రా.

సోని

ఖమ్మం,
సెప్టెంబర్ 2.

అక్కా,

నిన్న బస్సు దిగి గదికి వచ్చి ఇంతవరకు సంచీ కూడా విప్పలేదు. నీకు, యాడికి మొహం చూపించలేక ఉత్తరం రాస్తున్నాను.

నేను వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెస్తే చాలనుకున్నాను. చావిడి ముందు అందరినీ కూర్చోబెట్టి, పెట్టె తెరిచి, ఇదిగో ఇదీ బొమ్మ, ఇట్లా తప్పు చేశాను, ఇట్లా దిద్దాను అని చూపించాను. ఎర్రకళ్లు నల్లగా మారగానే పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు తలలూపారు. నాకు ఎంత తేలికైందో. అయిపోయిందనుకున్నాను.

యాడి మాత్రం లేచి కొంగు బిగించుకుని, "ఇండ్లకు పోదాం నడువు" అంది. అందరికీ చెప్పాను కదా యాడీ అంటే, "అందరు ఒక మనిషా? ఎవరింట్ల వాళ్లకు చెప్పాలె" అంది. నా చెయ్యి పట్టుకుంది. తండాలో మొదలుపెట్టాం. ప్రతి గుమ్మం ముందు ఆగడం, "గా బొమ్మ నేను గీసిన. తప్పు నాది. మా యాడి అసొంటిది కాదు" అని నేను చెప్పడం, వాళ్లు మంచినీళ్లివ్వడం. కొంతమంది అయ్యో దానికేముంది అన్నారు. దేవ్లా తాత భార్య మాత్రం, "కడుపున పుట్టినోళ్లే గిట్ల జేస్తే" అని సగంలో ఆపేసింది. ప్రతి ఇంటికీ యాడి నాకన్నా ఒక అడుగు ముందే నడిచింది, కాలు ఈడ్చుకుంటూ, ఎక్కడా కూర్చోకుండా. పద్నాలుగు ఇళ్లయ్యాయి.

పదిహేనో ఇల్లు జంపయ్యది. వాకిట్లో ఆ బిడ్డ తల్లి బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకుని నిలబడింది. బస్సు టైమైంది యాడీ, పోవాలి, మళ్లీ వస్తా అన్నాను. చెయ్యి వదిలించుకున్నాను. నువ్వు అక్కడే ఉన్నావు, చూశావు.

అప్పుడు టైమ్ మూడు. బస్సు ఐదింటికి. రెండు గంటలు రోడ్డు మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. తిరిగి రావడానికి పది నిమిషాల దారి. రాలేదు.

హేమ

ఎర్రవాగు తండా,
సెప్టెంబర్ 9.

హేమా,

నువ్వు పోయాక యాడి జంపయ్య వాకిట్లోకి పోలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని గోడ మీద బొగ్గుతో పద్నాలుగు గీతలు గీసింది. మర్చిపోతానని కాబోలు. మిగిలినవి పదిహేడు ఇళ్లు. వాటికి నేను తోడు వస్తానంటే వద్దంది. ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "కాలు నాది, బొమ్మ దానిది. ఇద్దరం పోవాలె."

నువ్వు చెప్పిన పద్నాలుగు ఇళ్లలో ఒక బాలింత నిన్న యాడిని పిలిచింది. యాడి పోయి బిడ్డకి నీళ్లు పోసి వచ్చింది. వచ్చాక చాలాసేపు తన చేతులు వాసన చూసుకుంటూ కూర్చుంది. ఒక్క ఇల్లే, మిగతావాళ్లు ఇంకా చూస్తున్నారు.

మీ పెట్టె గురించి యాడికి వివరంగా చెప్పాను, ఒకటి దిద్దితే అన్నీ మారతాయని. "గంత సులువైతే మంచిదే. మా ఇండ్లు గా పెట్టెల లేవు గద" అంది. కోపంగా అనలేదు.

ఇంకోటి. నువ్వు బస్సని చెప్పి పోయిన రోజు, నేను నీ తరఫున ఏదో సర్దిచెప్పబోయాను. యాడి నవ్వింది. నలభై ఏళ్ల నుంచి ఆ బస్సు ఐదింటికే వస్తుందట.

జంపయ్య బిడ్డకి మూడు నెలలు నిండొస్తున్నాయి. మూడు నిండితే ఇక యాడి నీళ్లు పోసే పని ఉండదు. వస్తే ఆలోపు రా.

అక్క

ఖమ్మం,
సెప్టెంబర్ 15.

సోని అక్కకి,

మొన్న వెంకటరామారావు సార్ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. బొమ్మ దిద్దింది ఎవరు, నడక ఉంచింది ఎవరు, నోరు మూసుకున్నది ఎవరు. ఆయన బల్ల మీద కాగితాలు పక్కకి సర్దారు. తర్వాత సంస్థకి నా చేతే ఉత్తరం రాయించారు. అందులో నీ పేరు లేదు, నాని అన్న నిర్దోషి అని ఉంది.

నిన్న కల్లూరు పోయాను. నాని అన్న మిర్చి నారుకి నీళ్లు పెడుతున్నాడు. చెప్పాను. పైపు కింద పెట్టకుండానే విన్నాడు. "ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు, అంతే. వాళ్లావిడ టీ ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. సోమవారం నుంచి ఆయన మళ్లీ పనిలోకి వస్తున్నాడు, నా బల్ల దగ్గరికి. నాకు ఇక అక్కడ పని లేదు.

స్టూడియోలో చివరి పని ఒకటి చేశాను. రెండో సినిమాలో ముసలిదానికి యాడి గజ్జెలు, పచ్చబొట్లు, నడక అన్నీ తీసేశాను. నడక లేకపోతే బొమ్మ కదలదు కదా. ఫోన్‌ని గోడకి ఆనించి, నేనే అటూ ఇటూ నడిచి, అది చూసి గీశాను. ఇప్పుడు ఆ మంత్రగత్తె నాలా నడుస్తుంది. ఎవరైనా గుర్తుపడితే నన్నే గుర్తుపట్టనీ.

ఆదివారం మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. ఈసారి సెలవు అడగాల్సిన పని లేదు. పదిహేనో ఇంటి నుంచి మొదలుపెడదాం. జంపయ్య వాకిట్లో ముందు నేను అడుగుపెడతాను, యాడి వెనక రానీ. బిడ్డ తల్లి తలుపేసుకుంటే తీసేదాకా కూర్చుంటాను. యాడిని నూనె గిన్నె తెచ్చుకోమను.

బస్సు ఐదింటికని నాకూ ఆ రోజు తెలుసని యాడికి చెప్పు. నేనే చెప్పాలి, కానీ నేను వచ్చేలోపు ఆమెకి ఈ మాట అందాలి.

హేమ